అవ్వ వంగిన రోజు

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో నేను పనిచేసిన ఆసుపత్రి పాత ఫైళ్లలో ఎక్కడో నా చేతిరాతతో ఒక అబద్ధం ఉంది. ఒకే ఒక్క వాక్యం. అది రాయడానికి నాకు అర నిమిషం కూడా పట్టి ఉండదు. దాన్ని మోస్తూ ఇన్నేళ్లు తిరిగాను కాబట్టి, అసలు జరిగింది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

నేను ఫిజియోథెరపిస్టును. పుట్టింది విజయనగరం, చదివింది విశాఖపట్నం. మా ఆయనకు ఇక్కడి బడిలో లెక్కల టీచరు ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చాను. అప్పటికి ఈ దేశంలో అన్ని రంగులవాళ్లూ ఓటేసి ఎన్నుకున్న కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్లు. నాకు ఏడాది కాంట్రాక్టు మీద దొరికింది కోలుకునేవాళ్ల వార్డు. ఆపరేషన్ అయిపోయి, ఇంటికి పంపడానికి కాళ్లు ఇంకా సిద్ధం కాని ముసలివాళ్లను అక్కడ ఉంచుతారు. మంచం మీద లేచి కూర్చోవడం, కుర్చీలోకి మారడం, బాత్రూందాకా నడవడం, మెట్టు ఎక్కడం వాళ్లకు మళ్లీ నేర్పాలి. డాక్టర్లు ఎముక సంగతి చూసి వెళ్లిపోతారు. మనిషిని నిలబెట్టే గొడవంతా మాది. ఆ రోజుల్లో నాకు ముక్కు మీద కోపం. నేను వార్డులోకి వస్తుంటే సగంమంది నిద్ర నటించేవారు. వాళ్ల దుప్పట్లు లాగి మరీ లేపేదాన్ని.

అవ్వ వచ్చింది చలికాలం మొదట్లో. డెబ్బై ఎనిమిదేళ్లు. నార్త్‌డేల్‌లో కొడుకు ఇంట్లో, తడిగా ఉన్న వంటింటి గచ్చు మీద జారి పడింది. కుడి తుంటి విరిగితే లోహపు కీలు వేశారు. ఫైల్లో భాష దగ్గర ఇంగ్లీషు అని రాసి ఉంది. నేనూ ఇంగ్లీషులోనే గుడ్ మార్నింగ్ చెప్పి, దుప్పటి తీసి, మడమ పట్టుకుని కాలు కొంచెం పైకి లేపాను.

"ఒలమ్మో! బేగి బేగి లాగకే ముండా, నొప్పి!" అంది.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది మా నాయనమ్మ మాట. పట్నం బడిలో నలుగురూ నవ్వుతారని మా అమ్మ నా నోట్లోంచి చిన్నప్పుడే ఊడబెరికేసిన మాట. సముద్రాలు దాటి వచ్చి, ఒక ఆసుపత్రి మంచం దగ్గర అదే మాటతో తిట్టు తిన్నాను. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

వాళ్లమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు చెరకు తోటల్లో కూలికి వచ్చిన అమ్మానాన్నలతో ఓడ దిగిందట. ఆ తల్లి దగ్గర అవ్వకు మిగిలిన తెలుగులో వరసలు, వంటల పేర్లు, దేవుడి మాటలు, తిట్లు ఉన్నాయి. మిగతా చోట్ల ఇంగ్లీషు, జూలూ వచ్చి కూర్చునేవి. డాక్టర్లకు నొప్పి ఇంగ్లీషులో చెప్పేది. వార్డు ఆయాతో కబుర్లు జూలూలో. ఆయా ఆవిడను జూలూలో అవ్వ అనే అర్థంతో 'గోగో' అని పిలిచేది. నన్ను తిట్టడానికి మాత్రం తెలుగే.

"నీ ఊరు ఏటి?" అని అడిగింది రెండో రోజు.

"విజయనగరం, అవ్వా."

"ఆ మాట మా అమ్మ నోట ఉండె. పిల్లల్ని పండబెట్టేటప్పుడు పాడుతుండె. నాను అది ఊరు అనుకోలే. పాటలో మాట అనుకున్నా."

ఆ వార్డు ఒకప్పుడు తెల్లవాళ్లకే. కిటికీ పక్క మంచం మీద పడుకుని అవ్వ ఆ సంగతి తలచుకుని నవ్వేది. "నాను యంగ్ ఉన్నప్పుడు ఈడ నేల తుడవడానికి కూడా రానివ్వలే. ఇప్పుడు చూడు, నాను పడుకుని ఉండా, నువ్వు నా కాలు పిసుకుతున్నావు. ఇది రావాలంటే కాలు విరగాల, అంతే."

ఎప్పుడు నడుస్తానని వార్డులో ప్రతివాళ్లూ అడుగుతారు. ఎక్కడికి నడవాలో చెప్పండి, అప్పుడు చెప్తాను అని నేనంటాను. బాత్రూందాకా అంటారు, చర్చిదాకా అంటారు. అవ్వ మాత్రం "నా ఇంటికి" అంది. నార్త్‌డేల్ ఇల్లు అనుకున్నాను. అది కాదని కొడుకు చెప్పాడు. ఆయన బస్సు డ్రైవరు, యాభైకి దగ్గర పడ్డ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన ఇంగ్లీషులో చెప్పిన సంగతి ఇది.

వాళ్ల పాత ఇల్లు ఊరి అంచున, ఒక వాగు దాటాక వచ్చే ఏటవాలు మీద ఉండేది. చిక్కుడు, వంకాయ, పూలు పండించి బజారుకు పంపేవారు. ఒకరోజు సర్కారు ఆ పక్కంతా తెల్లవాళ్లకని గీత గీసింది. లారీ వచ్చింది, సామాన్లు ఎక్కించారు, వెనకనుంచి యంత్రం వచ్చి ఇల్లు పడగొట్టింది. తీరా ఆ తర్వాత అక్కడ ఎవరూ ఏమీ కట్టలేదు. ఇప్పుడు కొత్త ప్రభుత్వం, నేల పోగొట్టుకున్నవాళ్లు వచ్చి తమ చోటు చూపిస్తే రాసుకుంటామంటోంది. వీళ్ల దగ్గర కాగితం ముక్క లేదు. అవ్వ భర్త పోయాడు, తోటివాళ్లు పోయారు. కొడుకు అప్పటికి మరీ చిన్నవాడు, రెండుసార్లు వెళ్లి ఎత్తు గడ్డిలో వెతికి, ఏమీ దొరక్క వచ్చేశాడు. ఇల్లు ఎక్కడుండేదో తెలిసిన మనిషి ప్రాణాలతో ఒక్క అవ్వే ఉంది. అధికారులు వచ్చే రోజు చలికాలం చివర్లో ఖాయమైంది.

"బండిలో కూర్చుని చేత్తో చూపిస్తే చాలదా అవ్వా?" అన్నాను.

"పాయింట్ చేస్తే ఏటి నమ్ముతారు? నా కాలు ఆడ పెట్టాల. ఎర్ర మెట్టు ఉండె నా ఇంటికి. ప్రతి శుక్రవారం నాను రెడ్ పాలిష్ రుద్దుతుండె. ఇల్లు పోతే పోయింది, అంత సిమెంటు ఎవరు తీసుకుపోతారు? గడ్డి కింద ఉంటది. రాతి వంతెన కాడ నుంచి నేరుగా మీదకి, అరవై అడుగులు. చిక్కుడుకాయల బుట్ట ఎత్తుకుని రోజూ దిగుతుండె, నాకు తెలీదేటి? ఆ మెట్టు మీద నాను కూకుంటే అప్పుడు వాళ్లు రాసుకుంటారు."

"మెట్టు మీద కూర్చోవడం కుదరదు. కొత్త కీలు ఊడుతుంది. నిలబడి చూపించండి."

"సరే, నిలబడతా. నువ్వు నిలబెట్టు."

అలా బేరం కుదిరింది. అరవై అడుగులు, అదీ చదునైన నేల మీద కాదు, గడ్డి వాలు మీద.

మొదటి రోజు మంచం పక్కన నిలబడి, నాలుగంకెలు లెక్కపెట్టేలోపు కూలబడింది. ఆ వారం చివరికి వాకర్ పట్టుకుని పదకొండు అడుగులు వేసింది. నర్సుల బల్ల నుంచి కిటికీదాకా ఆవిడ అడుగుతో ముప్పై. వెళ్లి తిరిగొస్తే అరవై. ఆవిడ అడుగు ఎంత పొడవో నాకు కళ్లు మూసుకున్నా తెలిసేది, మూరెడుకు కొంచెం తక్కువ. నేను పక్కన లెక్కపెడుతూ నడిచేదాన్ని, ఆయా వెనక కుర్చీ తోసుకుంటూ "కహ్లే, గోగో, కహ్లే" అని, నెమ్మది నెమ్మది అని వచ్చేది. అలిసిపోయి ఆగితే నేను ఊరుకునేదాన్ని కాదు.

"నువ్వు నా అత్తకన్నా చెడ్డ," అనేది.

"మీ అత్త ఉంటే నాకీ చాకిరీ తప్పేది, నడవండి," అనేదాన్ని.

నాలుగో వారం వాకర్ మాన్పించి రెండు కర్రలు ఇచ్చాను. వార్డు వెనక పచ్చిక వాలు ఉంటే అక్కడికి తీసుకెళ్లాను. పొద్దుటి మంచుకు గడ్డి కొసలు తెల్లగా ఉండేవి. ఎండెక్కాక, నా చెయ్యి ఆవిడ నడుము వెనక బెల్టు మీద పెట్టి, ఒక్కొక్క అడుగు ఎక్కించేదాన్ని.

నేను పెట్టిన నియమాలన్నిట్లో పెద్దది ఒకటుంది. వంగకూడదు. తుంటికి కొత్త కీలు పెట్టినవాళ్లు కొన్నాళ్లు నడుము మరీ ముందుకు వంచకూడదు, తక్కువ ఎత్తు కుర్చీలో కూర్చోకూడదు, కాలు లోపలికి తిప్పకూడదు. మూడూ ఒకేసారి చేస్తే కీలు జారిపోతుంది. ఇది నేను ఎన్నిసార్లు చెప్పానంటే, ఆయా కూడా నా గొంతుతో వెక్కిరించేది.

అవ్వకు ఒక మనవరాలు ఉంది, కొడుకు కూతురు, కాలేజీలో చదివే పిల్ల. రోజూ సాయంత్రం వచ్చేది. వెళ్లేముందు అవ్వ కాళ్లకు దండం పెట్టేది. మావైపు పెద్దవాళ్లు నెత్తిన చెయ్యి పెట్టి చల్లగా ఉండమంటారు, దాంతో సరి. వాళ్ల ఇంట్లో అంతటితో అయిపోదు. దండం పెట్టిన మనిషి తనంతట తాను లేవకూడదు. పెద్దవాళ్లే వంగి, రెండు చేతులూ భుజాల కింద పెట్టి లేపాలి. లేపేదాకా కిందే ఉండాలి. మొదటిసారి నేను చూసేసరికి అవ్వ మంచం అంచున కూర్చుని ఆ పిల్ల కోసం ముందుకు వాలుతోంది. వార్డు అవతలి చివరనుంచి నేను వేసిన కేకకు మందుల ట్రాలీ తోస్తున్న నర్సు ఆగిపోయింది.

ఆ పిల్లను నలుగురిలో నానా మాటలూ అన్నాను. "చదువుకున్నదానివి, బుద్ధి లేదా? ఇంకోసారి ఆవిడ కాళ్ల దగ్గర వంగావంటే నిన్ను లోపలికి రానివ్వను," అన్నాను. ఆ పిల్ల గోడవైపు తిరిగి ఏడ్చింది. మర్నాటి నుంచి మంచం కాళ్లవైపు నిలబడి చేతులు జోడించి వెళ్లిపోయేది.

అవ్వకు అది నచ్చలేదు. "పిల్ల కింద వంగి ఉంటే లేపకుండా ఎలాగ?"

"అందుకే వంగనివ్వద్దంటున్నాను."

"తుంటి కొత్తదని చేతులకి తెలీదే, పిల్లా," అంది.

ఆరో వారం పచ్చిక మీద అరవై అడుగులు రెండుసార్లు వేసింది. అధికారులు రావడానికి ఇంక తొమ్మిది రోజులుంది. డాక్టరు ఇంటికి పంపించవచ్చన్నాడు.

వెళ్లే రోజు కొడుకు తన బక్కీ తెచ్చాడు, వెనక తెరిచి ఉండే చిన్న బండి. మేము ఇచ్చిన ఎత్తు కుర్చీ, వాకర్ అన్నీ ముందుగా అందులోకి ఎక్కించాడు. అందుకని అవ్వ వార్డు గుమ్మం పక్కన, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం వేసిన తక్కువ ఎత్తు కుర్చీలో కూర్చుంది. అది చూసి కూడా నేను ఏమీ అనలేదు. రెండు నిమిషాలే కదా అనుకున్నాను. కాళ్లకు నీలం స్లిప్పర్లు, ఇంటికి వెళ్లేటప్పుడు వేసుకోవడానికని మనవరాలు కొని తెచ్చినవి. కొడుకు బండి దగ్గర తాళ్లు కడుతున్నాడు, మనవరాలు ముందు సీటు సర్దుతోంది. ఆయా వార్డు ఆ చివర దుప్పట్లు మడతపెడుతోంది.

అవ్వ నా చెయ్యి పట్టుకుని, "పోయొస్తానే తల్లీ," అంది.

నేను దేశం వదిలి వచ్చేటప్పుడు మా నాయనమ్మ ఆఖరిసారి నాతో అన్నది, పోయి రావే తల్లీ అని. తర్వాత ఆవిడ పోతే నేను వెళ్లలేకపోయాను. ఆ గొంతూ ఈ గొంతూ ఒకటైపోయాయి. నేనేమీ ఆలోచించలేదు. అవ్వ కుడి పక్కన వంగి, ఆ నీలం స్లిప్పర్లు తాకి దండం పెట్టాను.

నా భుజాల కిందికి రెండు చేతులు వచ్చాయి. "లే, లే నా తల్లీ," అంటూ అవ్వ నావైపు తిరిగి కిందికంటా వంగింది. అప్పుడు ఆ చప్పుడు విన్నాను. చెక్కపెట్టె మూత పడ్డట్టు ఒక మొద్దు చప్పుడు. పుస్తకాల్లో చదివాను గాని అంతకుముందు ఎప్పుడూ వినలేదు, అయినా ఏమిటో వెంటనే తెలిసింది. అవ్వ అరవలేదు. ఊపిరి లోపలికి లాగి అలాగే ఉండిపోయింది. చేతులు మాత్రం నా భుజాలు వదల్లేదు. తలెత్తి చూసేసరికి కుడికాలు పొట్టిదై, లోపలికి తిరిగిపోయి ఉంది.

ఆయా పరిగెత్తుకొచ్చింది, డాక్టరు వచ్చాడు. ఏమైందని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు అవ్వ ఇంగ్లీషులో చెప్పేసింది, నొప్పికి మొహమంతా చెమట పట్టి ఉంది. కాలి నుంచి స్లిప్పర్ జారిందని, తీసుకుందామని తానే వంగానని. ఈ పిల్ల నో, నో అని అరిచిందని, తానే వినలేదని కూడా కలిపింది.

నేను నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం ఫైల్లో రాశాను: జారిన స్లిప్పర్ తీసుకోబోయి రోగి ముందుకు వంగడం వల్ల కీలు తప్పింది. నాది ఏడాది కాంట్రాక్టు, పై నెల దాన్ని పొడిగించే సంగతి చూస్తారు. పరాయి దేశం. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. నిజానికి నాకు భయం వేసింది. ఆ పిల్లను అందరిలో తిట్టిన నోటితో, అదే తప్పు నేను చేశానని చెప్పలేకపోయాను.

మత్తు ఇచ్చి కీలు మళ్లీ లోపల పెట్టారు. మళ్లీ జారకుండా నడుము నుంచి తొడదాకా పట్టా బిగించి మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టారు. ఆరు వారాల్లో కూడగట్టిన బలం వారంలో కరిగిపోయింది. తొడ కండ నా చేతికింద రోజురోజుకూ మెత్తబడుతుంటే తెలిసేది. ఛాతీలో గురక మొదలైంది.

ఎవరూ లేనప్పుడు అడిగాను. "ఎందుకలా చెప్పారు అవ్వా?"

"నువ్వు బయటి ఊరి పిల్లవి. పని పోతే ఏటి చేస్తావు?" అని కళ్లు మూసుకుంది. తెరవకుండానే, "నువ్వు వంగినావు, నాను లేపినా. దాంట్లో తప్పు ఏటి? తప్పు కాని దానికి నీ పేరు ఎందుకు రాయాల?" అంది.

అక్కడితో అయిపోతే నా పాపం నాతోనే ఉండేది. మనవరాలు వారంపాటు రావడం మానేసింది. నీలం స్లిప్పర్లు చెత్తబుట్టలో పడేసిందని, వెనక పట్టీ లేనివి కొన్నందుకు ఇంట్లో అన్నం ముట్టడం లేదని తండ్రి చెప్పాడు. మీరొకసారి ఆమెతో మాట్లాడండి సిస్టర్ అని అడిగాడు. ఆ పిల్ల వచ్చినప్పుడు, ఇందులో నీ తప్పేమీ లేదు, ఇలాంటివి జరుగుతుంటాయి అన్నాను. చూడబోతే ఓదార్పే. దానంత నీచమైన మాట నా జీవితంలో ఇంకోటి అనలేదు. ఆ పిల్ల తలాడించింది, నమ్మలేదు.

అధికారుల రోజు మార్చమని కొడుకు అడిగి చూశాడు. వెనక చాలామంది ఉన్నారని, ఇది తప్పితే మళ్లీ ఎప్పుడో చెప్పలేమని అన్నారు. డాక్టరు అవ్వను ఒక పూట బయటికి తీసుకెళ్లనిచ్చాడు. చక్రాల కుర్చీ, దుప్పట్లు వేసుకుని బయల్దేరాం. మనవరాలికి ఆ రోజు పరీక్ష, రాలేదు.

రాతి వంతెన అలాగే ఉంది. దాని అవతల నుంచి వాలంతా ఛాతీ ఎత్తు గడ్డి, మధ్య మధ్య ముళ్ల పొదలు. కుర్చీ చక్రాలు రెండు గజాలు కూడా కదల్లేదు. అవ్వ వంతెన పక్కన కుర్చీలో, దుప్పటి కప్పుకుని, ఆ వాలును కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు పో. నా అడుగు నీకు తెలుసు."

నేను వెళ్లాను. ఆవిడ అడుగంత అడుగు వేసుకుంటూ, పైకి వినపడేలా లెక్కపెడుతూ, నేరుగా మీదికి. కొడుకు, కాగితాలు పట్టుకున్న ఇద్దరు అధికారులు వెనక వచ్చారు. అరవై దగ్గర ఆగాను. కాలితో గడ్డి తొక్కి చూశాను. మట్టి. పక్కకు చూశాను. మట్టే. మోకాళ్ల మీద కూలబడి చేతులతో వెతికాను, గడ్డి కోసుకుని అరచేతులు మండాయి. మెట్టు లేదు. అధికారుల్లో ఒకాయన గడియారం చూసుకుని, ఇంకో కుటుంబం ఎదురుచూస్తోందన్నాడు. నేను అక్కడే కూర్చుని పెద్దగా ఏడ్చేశాను. ఉద్యోగం, మర్యాద ఏవీ గుర్తు రాలేదు.

కిందనుంచి అవ్వ గొంతు వచ్చింది. "అదే! ఆడే! దట్స్ ద ప్లేస్!" చెయ్యెత్తి ఊపుతోంది.

నేను కూర్చున్న చోట ఇనప మేకు దిగగొట్టి, తలకు తెల్లరంగు పూసి, కాగితంలో రాసుకున్నారు. కిందికి వచ్చి అవ్వ చేత సంతకం పెట్టించారు. తిరిగి వచ్చేటప్పుడు నా బట్టలనిండా బ్లాక్‌జాక్ ముళ్లు, ఇక్కడి గడ్డిలో గుడ్డకు పట్టుకుని వదలని నల్ల సూదుల్లాంటి గింజలు. అవ్వ బండిలో కూర్చుని ఒక్కొక్కటీ ఏరి పారేసింది.

ఆ తర్వాత ఆవిడ మంచం దిగలేదు. రోజుకు రెండుసార్లు పక్కకు తిప్పి, ఛాతీలో పేరుకున్నది కదలడానికి వీపు మీద తట్టేదాన్ని. అది తప్ప ఇంక నేను చేయగలిగింది లేదు. ఒక మధ్యాహ్నం అలా తడుతుండగా, మొహం గోడవైపు ఉంచే అంది.

"ఆ మేకు కాడ కాదే. ఇంకా ఎగువ."

నా చెయ్యి ఆగింది. "మరి అదే అన్నారెందుకు?"

"నువ్వు వేసింది నా ముసలి అడుగు. అప్పుడు నాకు లాంగ్ అడుగు ఉండె. నాను కూడా మర్చిపోయినా." దగ్గు వచ్చి ఆగింది. ఊపిరి తీసుకుని, "నువ్వు కింద కూకుని ఏడుస్తుంటివి. పిల్ల కింద ఉంటే లేపకుండా ఎలాగ?" అంది.

తట్టడం ఆపితే తిడుతుందని మళ్లీ మొదలుపెట్టాను. నాలుగు రోజుల తర్వాత, పొద్దున్న టీ ఇచ్చే వేళకు పోయింది. ఆయా మంచం పక్కన నిలబడి జూలూలో ఏదో పాడింది. నేను బాత్రూంలో తలుపు వేసుకుని, గొంతు నొప్పి పుట్టేదాకా ఏడ్చాను.

ఇక్కడి తెలుగువాళ్ల పద్ధతిలో పదహారో రోజు కర్మ అయ్యాక కొడుకుతో మేకు సంగతి చెప్పాను. స్లిప్పర్ సంగతి చెప్పలేదు. అప్పుడు కూడా సగమే చెప్పాను. ఆయనకు డ్యూటీ ఉంది, కూతుర్ని తోడు తీసుకెళ్లమన్నాడు. మేమిద్దరం ఒక ఆదివారం పొద్దున్న, చెరకు నరికే కత్తి పట్టుకుని వెళ్లాం. వంతెన దగ్గర నిలబడి, నెత్తిన బుట్టతో ఒక ముప్పై ఏళ్ల మనిషి ఎలా నడుస్తుందో అలా నడిచాను. మేకు దాటిపోయింది. చాలా ఎగువన అరవై అయింది. ఆ పిల్ల గడ్డి నరకడం మొదలుపెట్టింది. కాసేపటికి కత్తి ఠంగుమంది.

ఇద్దరం వేళ్లతో మట్టి తోడాం. మూరెడు వెడల్పు సిమెంటు మెట్టు, ఒక మూల పగిలింది. నా సీసాలో నీళ్లు పోసి చేత్తో రుద్దితే అంచున ఎర్రరంగు బయటపడింది.

అక్కడ చెప్పాను. ఇంకెక్కడా నాకు ధైర్యం రాదని తెలుసు. ఆ రోజు స్లిప్పర్ జారలేదని, దండం పెట్టింది నేనని, అవ్వ నన్ను లేపడానికే వంగిందని, ఫైల్లో రాసింది అబద్ధమని. ఆ పిల్ల కత్తి పట్టుకుని నిలబడి అంతా విన్నది. కత్తి పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఎర్ర మెట్టు మీద ఉంచి, నుదురు ఆనించింది.

లేవలేదు. నేను ఎదురుచూశాను. చాలాసేపు లేవలేదు. వాళ్ల ఇంట్లో లేపేవాళ్లు లేపాలి కదా, ఇక్కడ పెద్దదాన్ని నేనే కదా అనిపించింది. వంగి, నా రెండు చేతులూ ఆ పిల్ల భుజాల కింద పెట్టాను.

భుజాలు బిగుసుకున్నాయి. తల ఎత్తకుండానే, చాలా మెల్లగా, "నాట్ యూ, ఆంటీ," అంది.

చేతులు తీసేసి పక్కకు జరిగాను. కొంతసేపటికి ఆ పిల్ల, రోజూ సాయంత్రం వార్డులో నేను వాళ్ల అవ్వకు నేర్పుతుంటే చూసినట్టే, ముందు అరచేతులు గట్టిగా ఆనించి, తర్వాత ఎడమకాలు మోపి, ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడింది.